ఐదో చరణం

మహబూబాబాద్,
12 జనవరి 1984

అహ్మద్ అన్నకు,

జనగామ స్టేషన్ రోడ్డు మీద నీ రేడియో దుకాణం ఇంకా అదే చోట ఉందన్న నమ్మకంతో రాస్తున్నాను. మనం ఉత్తరం ముక్క రాసుకుని మూడేళ్లయింది. తప్పు సగం నాది, సగం నీది. పని పడితేనే గుర్తొస్తానా అని అంటావు. అను, పడతాను.

పోయిన బుధవారం అవ్వను తీసుకుని కేసముద్రంలో మా ఆడబిడ్డ ఇంటికి పోయాను. మార్కెట్ యార్డు ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. అందులో ఒకదాని మీద టేపురికార్డరు మోగుతోంది. డోలకు, హార్మోనియం, ఎవరో బొంగురు గొంతువాడు. నేను మామూలుగా నడిచిపోతున్నాను. అవ్వ నా చెయ్యి పట్టి ఆపింది.

"ఆగే సులోచనా. గది మన జగపతి పాట గాదె?"

నిలబడి విన్నాను. నిజమే. నీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదులో మీరిద్దరూ చదువుకునే రోజుల్లో, తెలంగాణ ఉద్యమం మొదలైన కొత్తలో, అన్న తన లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్న చావు పాట. ఇరవై రెండేళ్ల పిల్లవానికి చావు మీద పాటేమిటని బాపు తిట్టాడు కూడా. ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది.

నే వోయిన నాడు వానొస్తె రానియ్యి
నాగళ్లు గట్టినోళ్ల నాకొరకు ఆపొద్దు

అని మొదలవుతుంది. నాలుగు చరణాలు. నాకు నోటికి వచ్చు. ట్రాక్టరు మీద ఆ నాలుగూ వచ్చాయి, అక్కడక్కడా మాటలు మారినా. నేను కళ్లు తుడుచుకుంటున్నాను. అంతలో ఐదో చరణం మొదలైంది.

బాపు పక్కన నాకు జానెడు జాగుంచి
అవ్వా, నా పేర దోసెడు బియ్యమియ్యి

ఇది నోటుబుక్కులో లేదన్నా. ఎవడో అతికించి ఉంటాడని నేను అనుకునే లోపే అవ్వ అడిగింది. "వాడు వోయిననాడు మీ బాపు రాయి తీరుగ ఉండె గదనే. బాపు మట్టిల వన్నడని వానికెట్ల ఎర్క?"

అక్షరం ముక్క రాని అవ్వ పట్టుకుంది, తెలుగు పంతులమ్మను నేను పట్టుకోలేకపోయాను. అన్న మాయమైంది అరవై తొమ్మిదిలో. బాపు పోయింది డెబ్బై రెండులో. మా ఊరు కొడకండ్లలో చెలక గట్టున మట్టి చేసిన రోజు నువ్వూ వచ్చావు. మరి ఈ చరణం అన్నే రాసి ఉంటే, బాపు పోయాక కూడా అన్న బతికే ఉన్నాడు.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. పెత్రమాస నాడు మా ఇంట్లో పోయినవాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి బియ్యం ఇస్తాం కదా. అవ్వ బాపు పేరు పిలుస్తుంది, అత్త పేరు పిలుస్తుంది, అన్న పేరు మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ పిలవలేదు. పిలిస్తే పోయినట్టే. వచ్చే పెత్రమాసకు పిలుస్తానని మీ బావ ముందు ఎంతో కష్టం మీద ఒప్పుకుంది. ఆ పాట విన్న రాత్రి నుంచి మళ్లీ మొదటికి వచ్చింది. ఇప్పుడు రోజూ ఒక కంచం ఎక్కువ పెడుతోంది.

అన్నను చివరిసారి చూసినవాడివి నువ్వు. నా పెండ్లి పందిట్లో నిలబడి, భూపాలపల్లి దిక్కు పోయిండు, పోలీసులు వెతుకుతున్నరు, లగ్గం అయినంక వస్తడు అని చెప్పింది నువ్వు. నా పెండ్లికి రాని అన్న మీద నాకు ఇప్పటికీ కోపమే అనుకో. నా దోసిట్లో పేలాలు పోయడానికి సొంత అన్న లేక పెద్దనాయిన కొడుకు పోశాడు. అయినా ఆ అన్న బతికుంటే కోపం తీరేదాకా తిట్టాలని ఉంది.

కాసెట్లన్నీ నీ చేతుల మీదుగా పోతాయి. ఈ ఐదో చరణం ఎవరిదో కనుక్కుని చెప్పు.

నీ చెల్లెలు,
సులోచన


జనగామ,
25 జనవరి 1984

చెల్లె సులోచనకు,

దుకాణం అదే చోట ఉంది, నేనూ అదే చోట ఉన్నాను. గడ్డం తెల్లబడింది, అంతే తేడా. అమ్మీకి కళ్లు సరిగ్గా కనబడవు కానీ నీ ఉత్తరం వచ్చిందంటే చదివించుకుంది. నువ్వు చిన్నప్పుడు మా ఇంట్లో సేమియా తిని గిన్నె నాకిన సంగతి ఇప్పటికీ చెబుతుంది.

ఆ కాసెట్ నాకు తెలుసు. పాడినవాడు ఉప్పలయ్య అని, జాతరలకు తిరిగే మనిషి. సంక్రాంతికి ముందు నుంచి రోజుకు నాలుగైదు కాపీలు తీస్తున్నాను. ఎవరెవరు అడుగుతారో చెబితే నవ్వుతావు. లారీ డ్రైవర్లు అడుగుతారు, ఇస్త్రీ బండివాడు అడుగుతాడు. శవం ముందు భజన చేసేవాళ్లు సరే, వాళ్ల పని అది. పోయిన వారం మా గల్లీలో పెండ్లి ఊరేగింపుకు బ్యాండువాళ్లు కూడా ఇదే వాయించారు! మాటలు లేకుండా క్లారినెట్టు మీద వింటే హుషారైన పాటే. పెండ్లికొడుకు స్నేహితులు ఎగిరి దుంకారు. దుకాణం మెట్టు మీద కూర్చున్న ముసలాయన ఒకడు మాత్రం తలకు చుట్టిన రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను.

కాపీకి కాపీ తీస్తే గొంతు తగ్గుతూ పోయి వెనక చప్పుడు పెరుగుతుంది. పాట కూడా అంతే. ఒకని నోటి నుంచి ఇంకొకని నోటికి పోయేటప్పుడు ఒక మాట రాలుతుంది, ఇంకో మాట అతుక్కుంటుంది. పాటగాళ్లకు చరణం తక్కువైతే జేబులోంచి తీసి వేస్తారు. బాపు, అవ్వ, బియ్యం... ఇవి ఎవరింట్లో లేవు చెప్పు? అవ్వకు ఆ మాట చెప్పి సముదాయించు. ఊరికే ఆశ పెంచొద్దు.

దీనితో ఒక కాసెట్ పంపుతున్నాను. శుభ్రంగా తీశాను. అవ్వకు నా సలాం చెప్పు.

నీ అన్న,
ఫకీర్ అహ్మద్


మహబూబాబాద్,
6 మార్చి 1984

అహ్మద్ అన్నకు,

కాసెట్ అందింది. విన్నాం. నాలుగో చరణం

డప్పు గొట్టెటోళ్లకు కడుపు నిండ పెట్టుండ్రి
నా పేరు మీద ఒక్క నవ్వె పాట పాడుండ్రి

అని అయిపోగానే టక్కున ఆగింది. ఐదోది లేదు. కోసెయ్యమని నేను అడగలేదే? అవ్వ ముఖం చూడాల్సింది. "వాని మాట ఎవలో మింగిండ్రు" అంది. నీది మంచి మనసే అనుకో, కానీ బడిలో పిల్లలు కూడా జవాబు రాని ప్రశ్న దగ్గరే పేజీ చింపుతారు.

ఇక నా పరిశోధన విను. మీ బావ నవ్వుతున్నాడు, డాక్టరేటు ఇస్తారా అని. నేను ఒక నోటుబుక్కు పెట్టాను. ఎడమ పేజీలో అన్న రాసిన మాట, కుడి పేజీలో జనం పాడే మాట.

పోయిన నెల యాసంగి నాట్లకు కొడకండ్ల పోయాను. మన పొలంలో నాటేసే సుక్కి గుంపు మొదటి చరణం పాడుతున్నారు. వానొస్తె రానియ్యి, నాగళ్లు ఆపొద్దు అని. వంగి నాటేస్తూ, నవ్వుకుంటూ! ఇది చావు పాట కదా అని అడిగితే సుక్కి నడుము ఎత్తి నన్ను చూసి, "సావు పాటేందమ్మా, గిది వాన పాట. సచ్చేది ఎవలు గిండ్ల?" అంది. "నే వోయిన నాడు" అంటే ఊరికి పోయిన నాడు అనుకున్నారట. రెండో చరణం నుంచి వాళ్లకు అవసరమే లేదు. అన్న వింటే ఎంత నవ్వేవాడో. తన చావు పాట మీద నాలుగెకరాల నాటు పడింది.

శివరాత్రికి కురవి వీరభద్రుని జాతరకు పోయాం. అసలు పోయింది ఉప్పలయ్య కోసమే, స్వామి ఏమీ అనుకోడులే. డేరా వెనక బీడీ కాలుస్తూ దొరికాడు. పాట ఎవరిది అంటే "లోకంది" అన్నాడు. లోకానికి ఎవరిచ్చారు అంటే తల గోక్కున్నాడు. మెల్లగా చెప్పాడు. మొదటి నాలుగు చరణాలు అరవై తొమ్మిదిలో ఊరేగింపుల్లో పడుచుపిల్లలు పాడగా విన్నాడట. ఐదోది మాత్రం ఒక్క మనిషి దగ్గరే విన్నాడట.

"భూపాలపల్లిల కొమురెల్లి అని భజన పెద్దమనిషి ఉన్నడు. సావు కాడ ఆయన గిది అందుకుంటె రాయి గూడ ఏడుస్తది. ఆయన కాడ పట్టుకున్న నేను."

భూపాలపల్లి అన్నా! నువ్వు పందిట్లో చెప్పిన ఊరు. అవ్వకు ఇంకా చెప్పలేదు. బడికి ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మీ బావను వెంటబెట్టుకుని పోతాను. అన్న అక్కడ ఎవరింట్లో ఉన్నాడు, ఎన్నేళ్లు ఉన్నాడు, ఎందుకు రాలేదు... ఒక మనిషి దొరికితే చాలు, తీగ లాగితే డొంక కదులుతుంది. నువ్వు కూడా వస్తావా?

సులోచన


జనగామ,
18 మార్చి 1984

చెల్లెకు,

వద్దు. ఎండలో అంత దూరం బస్సుల్లో పోవద్దు. పరకాల దాటితే దారి బాగుండదు. వాళ్లు పాటగాళ్లు, నోటికి వచ్చింది చెబుతారు. అంతగా అయితే నన్ను పోనీ. దుకాణం రెండు రోజులు మూసి నేనే కొమురెల్లిని కలిసి వస్తాను. నువ్వు బడి పని చూసుకో.

కోసింది నేనే, మాఫ్ చెయ్యి. అవ్వ బాధపడుతుందని కోశాను.

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. అవ్వ ఆరోగ్యం ఎలా ఉంది? గుండెకు మందులు వాడుతోందని విన్నాను. దవాఖానలో ఏమన్నారు? పెద్ద దెబ్బ లాంటి కబురు ఏదైనా వింటే తట్టుకుంటుందా? ఊరికే అడుగుతున్నాను.

అహ్మద్


భూపాలపల్లి,
21 మే 1984

ఫకీర్ అహ్మద్ గారికి,

నువ్వు వద్దన్నా వచ్చాను. కొమురెల్లి దొరికాడు. డెబ్బై ఏళ్ల మనిషి, మాట స్పష్టంగా ఉంది. మాకు మజ్జిగ ఇచ్చి, మంచం వాల్చి కూర్చోబెట్టాడు. మా అన్న పేరు చెప్పాను, ఫొటో చూపించాను. ఎన్నడూ చూడలేదన్నాడు. ఊళ్లో ఇంకో ఆరుగురిని అడిగాం. అరవై తొమ్మిదిలో గానీ ఆ తర్వాత గానీ ఇటువంటి పిల్లవాడు ఇటు రాలేదు.

మరి చరణం ఎవరు నేర్పారని అడిగాను. అతను అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"నా రేడియ కరాబైతె జనగామ కొంచవోయిన. ఏడెనిమిదేండ్లాయె. టేషన్ తొవ్వల సాయబు దుక్నం. నేను సావు కాడ పాడుతనని ఎర్కయినంక చా తాపిచ్చిండు. గా పాటకు ఇంకో చెరణం ఉన్నది, నేర్సుకో తాతా అన్నడు. మూడు మాట్ల పాడిచ్చుకున్నడు. నేను పాడుతాంటె గోడ దిక్కు మల్లి ఏడ్సిండు. ఏంది కొడుకా, నీకు ఎవలన్న వోయిండ్రా అన్న. మా తమ్ముడు అన్నడు."

నీకు తమ్ముళ్లు లేరు.

కేసముద్రం, కొడకండ్ల, కురవి, భూపాలపల్లి... నాలుగు నెలలు తిరిగి తిరిగి నీ దుకాణం మెట్ల ముందుకు వచ్చి నిలబడ్డాను. నేను పంపిన ప్రతి ఉత్తరం నువ్వు చదువుతూ కూర్చున్నావు. వరంగల్లులో దిగి జనగామ బస్సు ఎక్కుదామనుకున్నాను. కానీ ఎదురుగా కూర్చుంటే నువ్వు మళ్లీ ఏదో చెబుతావు, నేను మళ్లీ నమ్ముతాను. పందిట్లో నమ్మినట్టే.

అందుకే కాగితం మీద రాయి. మా అన్న ఎక్కడున్నాడు?

సులోచన


జనగామ,
30 మే 1984

చెల్లె,

ఇంకా ఆ మాటతో పిలవనిస్తావో లేదో తెలియదు.

జగపతి జనగామలోనే ఉన్నాడు. మా ఖబరస్తాన్‌లో, మా అబ్బా పక్కన. పదిహేనేళ్లుగా అక్కడే ఉన్నాడు.

నీ పెండ్లికి రాలేదని వాని మీద కోపం పెట్టుకున్నావు. ముందు అది తీసెయ్యి. వాడు నీ పెండ్లికే వస్తున్నాడు. ఆ వారం రైళ్లు సరిగ్గా నడవడం లేదు. ఇద్దరం గూడ్సు బండి ఎక్కాం. జనగామలో ఆగుతుందనుకున్నాం, ఆగలేదు, నెమ్మదిగా పోతోంది. పొద్దున ఏడు గంటలు. నేను ముందు దూకాను. తర్వాతి స్టేషన్లో దిగుదువు, ఉండు అని అరిచాను. "రేపు పేలాలు పోసెటోడు లేకుంటె మా చెల్లె నా పానం దీస్తది" అని నవ్వుతూ దూకాడు. భుజాన సంచీ దేనికో పట్టుకుంది. తల కంకర మీద పడింది.

మా ఇంటికి మోసుకొచ్చాను. అమ్మీ తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు పోసింది, రెండు గుక్కలు తాగాడు. కంపౌండరు వచ్చే లోపే పోయాడు. ఎవరూ కొట్టలేదు, కాల్చలేదు. సంచీలో మాత్రం ఉద్యమం కరపత్రాలు ఉన్నాయి.

నేను కొడకండ్లకు పరుగెత్తుదామని లేచాను. మా మామ మహమ్మద్ రెక్క పట్టి కూర్చోబెట్టాడు. "వాళ్లింట్ల పసుపు దంచిండ్రు. పసుపు దంచినంక సావు కబురు గడప తొక్కితె లగ్గం ఆగుతది. ఆగిన పిల్లను మళ్ల ఎవడు చేసుకుంటడు? శవాన్ని కొంచవోతె ఆ కాయితాలతోని పోలీసోళ్లు గూడ వస్తరు. ఐదొద్దులు ఆగు. లగ్గం కానియ్యి, అటెన్క నేనే వచ్చి కాళ్లు మొక్కి చెప్త."

అప్పుడు నాకు వాని మూడో చరణం గుర్తొచ్చింది.

ఎదురంగ పెండ్లొస్తె నా పాడె పక్కకు దించి
ముందుగాల వాళ్లకు నా తొవ్వ ఇయ్యుండ్రి

వాడే చెబుతున్నాడనుకున్నాను సులోచనా. ఇరవై రెండేళ్ల బుర్రకు అది అల్లా మాటలా వినబడింది. ఇప్పుడైతే అది పాట, ఇది బతుకు అని చెప్పేవాణ్ని. మామ, నేను, టాంగా నడిపే మనిషి, ముగ్గురం ఎత్తుకున్నాం. ఒక భుజం తక్కువైంది. బర్రెలు కొనడానికి ఏదో ఊరి నుంచి వచ్చిన మనిషి తొవ్వలో కనిపించి అడగకుండానే భుజం పెట్టాడు. రెండో చరణంలో బాటసారిని పిలవమని వాడు రాసినట్టే. అతని పేరు కూడా నాకు తెలియదు.

మట్టి నేనే తవ్వాను, నేనే వేశాను. రాత్రంతా ఆ మట్టి దగ్గరే కూర్చుని, మరునాడు పొద్దున అట్నుంచి అటే మీ ఇంటికి వచ్చాను. డోళ్లు మోగుతున్నాయి. నువ్వు పసుపు బట్టల్లో ఉన్నావు. అవ్వ ఎదురొచ్చి "వాడేడి కొడుకా?" అంది. అవ్వ నా చేతులు చూసింది. "గీ మట్టేందిరా, బాయి తవ్వొచ్చినవా? పెండ్లింటికి గిట్లనే వస్తరా?" అని నవ్వి, గాబు దగ్గరికి తీసుకుపోయి చెంబుతో నీళ్లు పోసింది. గోళ్ల సందుల్లో మట్టి పోకపోతే తన కొంగుతో తుడిచింది. నీళ్లు ఎర్రగా పారుతుంటే నేను భూపాలపల్లి అన్నాను. ఆ నిమిషం నోటికి వచ్చిన దూరపు ఊరు అదే.

ఐదో రోజు చెప్పాలనే వచ్చాను. మామకు జ్వరం, ఒంటరిగా వచ్చాను. నువ్వు అత్తగారింటి నుంచి మొదటిసారి పుట్టింటికి వచ్చి ఉన్నావు. అవ్వ నన్ను చూడగానే "వాని కబురు తెచ్చినవా? ఉన్నడా?" అంది. ఉన్నడవ్వా అన్నాను. ఒకసారి అన్న మాటను రెండోసారి కాదనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మూడోసారి ఇంకా కష్టం. తర్వాత మీ ఇంటికి రావడమే మానుకున్నాను.

బాపును మట్టి చేసిన రోజు వచ్చాను. ఆయన పక్కన జాగ ఖాళీగా ఉంది. ఆ ఏడు పెత్రమాసకు అవ్వ వాని పేరు పిలవలేదని విన్నాను. పేరు లేకుండా, బియ్యం లేకుండా వాడు ఒక్కడే అక్కడ ఉన్నాడని నాకు నిద్ర పట్టేది కాదు. నోటితో చెప్పే ధైర్యం లేక చరణం కట్టాను. పాడేవానికి ఇస్తే ఊరూరూ తిరిగి ఎప్పుడో అవ్వ చెవిన పడుతుంది, వాడు పోయాడని అవ్వకు అర్థమవుతుంది, పేరు పిలిచి బియ్యం ఇస్తుంది అనుకున్నాను. అది నిజంగానే తిరిగి తిరిగి అవ్వ దగ్గరికి వచ్చింది. కానీ పోయాడని చెప్పడానికి నేను కట్టిన మాటలు బతికున్నాడని చెప్పాయి. నేను ఇచ్చింది చావు కబురు, అవ్వకు అందింది ఆశ.

నీ పెండ్లి పేరు చెప్పి తప్పించుకోవడానికి ఇది రాయడం లేదు. తప్పు పెండ్లిది కాదు, నాది. అవ్వకు చెప్పాలో వద్దో నువ్వే చూడు. నన్ను ఏమన్నా అను.

ఫకీర్ అహ్మద్


మహబూబాబాద్,
11 సెప్టెంబర్ 1984

అహ్మద్ అన్నకు,

నీ ఉత్తరం మూడు నెలలు నా పెట్టె అడుగున, పెండ్లి చీర మడతల్లో ఉంది. జవాబు రాయలేదు. రాస్తే బూతులు వచ్చేవి. ఒక్కరోజు ఆగితే నా పెండ్లి ఆగేదా? ఆగితే ఆగేది. మీ బావకు చూపిస్తే, "నన్ను అడిగి ఉంటే పందిరి పక్కకు జరిపి మీ అన్నను సాగనంపేవాణ్ని కదా" అని కూర్చుని ఏడ్చాడు. మీరంతా కలిసి నాకు మేలు చేశారు, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. నిన్ను క్షమించానని రాయలేను, ఇంకా కాలేదు.

కానీ ఒకటి ఉంది. నా పెండ్లికి రాని అన్న అని పదిహేనేళ్లు కుళ్లుకున్నాను. వాడు నవ్వుతూ దూకింది నా కోసమని తెలిశాక వారం రోజులు బడికి పోలేకపోయాను. బాధ పెద్దదైంది, అయినా ఆ అలక పోయింది. అది తీసింది నువ్వే.

అవ్వకు మొన్న చెప్పాను. ఇంకా దాచితే నాకూ నీకూ తేడా లేదనిపించింది. మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుతోంది. గుండె మందు వేసి, పక్కన కూర్చుని, నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివాను. చెయ్యి ఆపలేదు, రాళ్లు ఏరుతూనే ఉంది. నేను భయపడ్డాను. అయిపోయాక చేట పక్కన పెట్టి, "చేతులు కడిగిన కాడ మళ్ల చదువు" అంది.

మళ్లీ చదివాను. గాబు, చెంబు, గోళ్ల సందుల్లో మట్టి. అప్పుడు ఏడ్చింది. నేను పుట్టి బుద్ధెరిగాక అవ్వ అంత గట్టిగా ఏడవడం చూడలేదు, బాపు పోయినప్పుడు కూడా. పక్కింటివాళ్లు వచ్చారు. ఎవరు పోయారని అడిగితే "నా కొడుకు" అంది.

పొద్దుగూకాక తేరుకుని అన్నది రాస్తున్నాను.

"మట్టికి వోయొచ్చినోనికి చేతులకు నీళ్లు పోసేది ఇంటోళ్లే. నేను పోసిన. ఎర్కలేక పోసిన గని నేనే పోసిన. నా కొడుకు మట్టి నా కొంగుకు అంటింది. మరి నా కొడుకు దిక్కులేని సావు ఎట్ల సచ్చిండు? గా సాయబు పిలగాడు పదిహేనేండ్లు ఒక్కడే మోసిండు, ఇగ దించుమను."

ఆ రాత్రి కంచాలు సరిగ్గా పెట్టింది. ఎక్కువది లేదు.

మీ ఖబరస్తాన్ నుంచి అన్నను కదిలించొద్దంది. మీ అబ్బా పక్కన ఉన్నాడు కదా, తోడుంది అంది. కానీ పాటలో అడిగాడు కాబట్టి, అడిగింది నువ్వైనా వాని పేరు మీదే అడిగావు కాబట్టి, బాపు పక్కన జానెడు జాగ తవ్వించాం. సుక్కి, వాళ్ల ఆయన తవ్వారు. అన్నట్టు, అది వాన పాట కాదని సుక్కికి చెప్పాను. రెండు రోజులు ఆలోచించి వచ్చి, "అయినా నాటు కాడ అదే పాడుతమమ్మా, ఆయన వానను రానియ్యి అన్నడు గద" అంది. సరే అన్నాను.

కాసెట్లలో ఐదో చరణం కోయకు.

పెత్రమాసకు ఇంకా రెండు వారాలు లేవు. ముందురోజే కొడకండ్లకు రా. వచ్చేటప్పుడు వాని దగ్గరి నుంచి దోసెడు మట్టి తెచ్చి నీ చేత్తోనే బాపు పక్కన వెయ్యాలి. అమ్మీని కూడా తీసుకురా, వాడు తాగిన ఆఖరి నీళ్లు ఆమె చేతివి. అవ్వ వాని పేరు పిలిచి బియ్యం ఇస్తుంది.

మట్టి వేశాక గాబు దగ్గరికి నువ్వు పోవద్దట. చెంబు పట్టుకుని తానే వస్తుందట, ఈసారి ఎరికయ్యే పోస్తానంది.

నీ చెల్లెలు,
సులోచన